జర్మనీ బ్లూ కార్డ్: గడువు దగ్గరపడుతుండగా ఉద్యోగం మారవచ్చా?

ప్రశ్న:
ఒకే సంస్థలో పద్నాలుగు నెలలుగా బ్లూ కార్డ్‌పై (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) పనిచేస్తున్నాను. పాత పాస్‌పోర్టు గడువు వరకే ఇచ్చిన ఈ కార్డు ఆరు వారాల్లో ముగుస్తుంది, విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ మాత్రం మూడు నెలల తర్వాత దొరికింది. ఈలోగా వేరే సంస్థలో చేరవచ్చా?

మొదటి జవాబు:
అపాయింట్‌మెంట్ తీసుకోవడం వేరు, దరఖాస్తు పెట్టడం వేరు; చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు ముగియకముందే పొడిగింపు దరఖాస్తును రాతపూర్వకంగా పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. అప్పుడు నివాస చట్టం 81వ సెక్షన్ 4వ పేరా ప్రకారం, నిర్ణయం వెలువడేదాకా పాత అనుమతి, పనిచేసే హక్కుతో సహా, కొనసాగుతున్నట్టే లెక్క. దానికి రుజువుగా ఇచ్చే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ పత్రం చేతికి రాగానే గుర్తు ఏ గడిలో పెట్టారో అక్కడే చూసుకోండి. 4వ పేరా గడి అయితే విదేశాలకు వెళ్లి తిరిగి రావచ్చు. 3వ పేరా గడి అయితే ఆ పత్రంతో తిరిగి ప్రవేశించలేరు. నా పత్రంలో గుర్తు తప్పు గడిలో పడితే, కౌంటర్ దగ్గరే అడిగి మార్పించుకున్నాను.

రెండో జవాబు:
ఉద్యోగ మార్పుకు సంబంధించి, 2023 నవంబరు సవరణల తర్వాత కార్యాలయం 30 రోజుల పాటు ఆపి పరిశీలించగలిగేది మొదటి 12 నెలల్లోని మార్పునే. మీరు అది దాటేశారు. అయితే కొత్త జీతం ఆ ఏటి కనీస పరిమితికి తగ్గకూడదు, అందుకే పొడిగింపు దరఖాస్తుకు కొత్త ఒప్పందాన్నే జతచేయడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
దరఖాస్తు ఈ రోజే పంపుతున్నాను. శాశ్వత నివాసానికి లెక్క మళ్లీ మొదలవుతుందా?

రెండో జవాబు:
మొదలవదు. బీ1 (మధ్యస్థ) స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలు, ఏ1 (ప్రాథమిక) అయితే 27. బ్లూ కార్డ్‌పై పనిచేస్తూ పింఛను చందా కట్టిన నెలలన్నీ కలుస్తాయి.