అమ్మ కోసం వండి ఫ్రీజర్‌లో పెట్టాలి, ఏ డబ్బాలు కొనాలి?

ఏడు రోడ్ల జంక్షన్:
అందరికీ నమస్కారం. అమ్మ శ్రీకాకుళంలో ఒక్కరే ఉంటారు, నాకు విశాఖలో ఉద్యోగం. పదిహేను రోజులకోసారి వెళ్లి, ఆదివారమంతా వంటింట్లోనే ఉండి పప్పు, సాంబారు, పులుసు, రెండు కూరలు వండి ఫ్రీజర్‌లో సర్ది వస్తాను. అన్నం మాత్రం ఆవిడే వండుకుంటారు, ఆ పని ఎవరికీ ఇవ్వరు. ఇప్పటిదాకా హోటల్ పార్సిల్ డబ్బాలు కడిగి వాడాను. మొన్న ఒకటి చేజారితే డబ్బా గాజులా పగిలింది, లోపలి సాంబారు గడ్డ చెక్కుచెదరలేదు! మంచివి కొందామని దుకాణానికి వెళితే గాజువి, స్టీలువి, సిలికానువి వరసగా పరిచారు. ఏమీ తేల్చుకోలేక వెనక్కి వచ్చాను. పూటకు ఒక డబ్బా చొప్పున కావాలి. ఏవి కొనమంటారు?

కోట వెనక వీధి, విజయనగరం:
డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉండి ఉంటుంది, చూడండి. అది పాలీప్రొపిలీన్. వేడికి బాగా ఆగుతుంది కానీ, గడ్డకట్టే చలిలో పెళుసెక్కుతుంది. పార్సిల్ డబ్బాలు పలచన కాబట్టి మూలల దగ్గర ముందు విరుగుతాయి. అదే రకంలో మందంగా ఉన్నవి చాలాకాలం వస్తాయి.

గాజు కొంటే మెడ సన్నగా ఉన్న సీసాలు వద్దు. నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మెడ దగ్గర ఆ ఉబ్బుకు చోటు దొరక్క సీసా పగులుతుంది. ఖాళీ పచ్చడి సీసాలో చారు పోసి నేను నేర్చుకున్న పాఠం ఇది. ఫ్రీజరంతా కడుక్కోవలసి వచ్చింది. ఏ డబ్బా అయినా పైన వేలెడు ఖాళీ ఉంచండి. అలాగని సగమే నింపితే లోపలి గాలికి ముక్కలు తెల్లగా ఎండిపోతాయి.

బొబ్బిలి పిన్ని:
బాబూ, డబ్బా సంగతి తరవాత. మీ అమ్మగారు దాన్ని ఎలా వేడి చేసుకుంటారు? మైక్రోవేవ్ ఉందా? మూత ఎవరు తీస్తారు?

ఏడు రోడ్ల జంక్షన్:
మైక్రోవేవ్ కొనిచ్చాను పిన్నిగారూ, దాని మీద దేవుడి పటాలు పెట్టుకున్నారు. గ్యాసు పొయ్యే వాడతారు. వేళ్ల కీళ్లు వాచి ఉంటాయి. నాలుగు వైపులా గొళ్లాలుండే మూతలు తీయలేక పక్కింటి అమ్మాయిని పిలుస్తున్నారట, ఈ మధ్యే తెలిసింది.

బొబ్బిలి పిన్ని:
అనుకున్నాను. గాలి చొరబడని గట్టి మూతలు మనకు గొప్ప, ఆవిడకు శిక్ష. స్టీలు డబ్బా కూడా అంతే. త్వరగా గడ్డకట్టిస్తుంది కానీ, అంచున మంచు పట్టిందంటే మూత అతుక్కుపోతుంది. దాన్ని అలాగే పొయ్యి మీద పెడితే అడుగు మాడుతుంది, నడుమ గడ్డ కరగదు.

నేను మా అత్తగారికి చేసిన ఉపాయం చెబుతాను. మీకు డబ్బాలు కాదు, అచ్చులు కావాలి. పైన వెడల్పుగా, అడుగు కాస్త సన్నగా ఉండే చిన్న స్టీలు గిన్నెలు ఆరు తీసుకోండి. ఒక్కోటి పావు లీటరు చాలు. చల్లారిన పప్పు పోసి, పైన పళ్లెం మూసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. తెల్లవారాక గిన్నె అడుగును కుళాయి నీళ్లలో నిమిషం ముంచి బోర్లిస్తే గడ్డ ఊడి చేతిలో పడుతుంది. ఆహారానికి పనికొచ్చే మందపాటి జిప్పు కవరులో గడ్డలు వేసి, గాలి నొక్కేసి మూయండి. కవరుకు లాగే పిడి ఉన్న జిప్పు చూసుకోండి, వేళ్లకు సులువు. గిన్నెలు మళ్లీ ఖాళీ, రెండో కూరకు సిద్ధం. ఆవిడ తీయాల్సిన మూతే ఉండదు. కావలసిన గడ్డ ముందు రాత్రే గిన్నెలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకుంటే, పొద్దున సన్న సెగ మీద రెండు చెంచాల నీళ్లతో మరగనిస్తే సరిపోతుంది. పోపు అప్పుడే పెట్టుకోమనండి, వాసన తాజాగా ఉంటుంది.

కోట వెనక వీధి, విజయనగరం:
పిన్నిగారూ, ఇంట్లో బుడితి ఇత్తడి గిన్నెలు ఊరికే ఉన్నాయి. అవి అచ్చులుగా పనికొస్తాయా?

బొబ్బిలి పిన్ని:
అటకెక్కించిన వాటికి లోపల కళాయి, అంటే తగరం పూత, ఉందో పోయిందో ఎవరికి తెలుసు? కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచకూడదు. స్టీలే మేలు.

పలాస జీడితోట:
మీ అమ్మగారిది ఒంటి తలుపు ఫ్రిజ్జా? అయితే పై అరలో చలి డీప్ ఫ్రీజర్‌లోలా మైనస్ 18 డిగ్రీలకు దిగదు. రెండు వారాలకు మించి ఏదీ ఉంచకండి. మీరు వెళ్లే లెక్కకు అది సరిపోతుంది. వండినవి వేడివేడిగా తోసేయకండి. వెడల్పు గిన్నెలో పోసి, చన్నీళ్ల తొట్టెలో పెట్టి కలుపుతూ ఉంటే త్వరగా చల్లారతాయి. ఏదైనా రెండు గంటలు దాటి బయట ఉండకూడదు.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశాం. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ తలుపు తెరవకపోతే సుమారు 48 గంటలు చలి నిలుపుతుంది, సగం నిండినదైతే 24. ఒంటి తలుపు ఫ్రిజ్ పై అరకు అంత ఓపిక లేదు. అప్పటి నుంచి చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచుతున్నాను. ఊరి నుంచి వచ్చేసరికి బిళ్ల అడుగున ఉందంటే, మనం లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. ఇక దేన్నీ నమ్మను.

బొబ్బిలి పిన్ని:
ఇంకో మాట. బంగాళాదుంప కూర పెట్టకండి, కరిగాక ఇసుకలా పలుకుతుంది. మజ్జిగ పులుసు విరిగిపోతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరే. కందిపప్పు, సాంబారు, మెంతికూర పప్పు, మాంసం కూర హాయిగా ఉంటాయి.

ఏడు రోడ్ల జంక్షన్:
రెండు వారాల తరవాత రాస్తున్నాను. ఆరు స్టీలు గిన్నెలు, జిప్పు కవర్ల కట్ట ఒకటి కొన్నాను. రెండు విడతలుగా పన్నెండు గడ్డలు తీశాను. మొదటి గడ్డ ఊడక గరిట కాడతో పొడిచాను. పొడవనవసరం లేదు, నీళ్లలో ఇంకో అర నిమిషం ఉంచితే అదే వస్తుంది. కవర్ల మీద పేరు, తేదీ రాశాను కానీ, అమ్మకు కళ్లజోడు లేకుండా కనిపించదు, వంటింట్లోకి కళ్లజోడు తెచ్చుకోరు. మొన్న పులుసని కరిగిస్తే పప్పు తేలిందట. ఈసారికి నాలుగు పలకల డబ్బాలు రెండు కూడా తెమ్మన్నారు. గుండ్రంగా ఉంటే పప్పు, పలకలుగా ఉంటే పులుసు.