బారువ తోటలో దొరికిన జియోక్యాషింగ్ బిళ్ల: ఎవరికి చేర్చాలి?

ఉద్దానం కొబ్బరి, సోంపేట

తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరి చెట్ల మొద్దులు బారువ దగ్గర మా పెదనాన్నగారి తోటలో ఇప్పటికీ కొన్ని మిగిలే ఉన్నాయి. కొత్త మొక్కలు వేయడానికి ఒకదాన్ని పెకలిస్తుంటే వేళ్ల మధ్య ఇసుకలో గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. లోపల ముద్దయిపోయిన చిన్న పుస్తకం, గోళీలు, ఏదో విదేశీ నాణెం, పూసల గొలుసుతో ఒక అల్యూమినియం బిళ్ల. గొలుసుకు వేలెడంత రబ్బరు తాబేలు కట్టి ఉంది. బిళ్ల మీద నిలువు గీతల ఒళ్లున్న పురుగు బొమ్మ, పక్కన ఒక కోడు.

వెతికితే ఇది జియోక్యాషింగ్ అని, ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట అని, అందులో డబ్బా నుంచి డబ్బాకు చేతులు మారుతూ తిరిగే ఇలాంటి బిళ్లను ట్రావెల్ బగ్ అంటారని తెలిసింది. పుస్తకంలో చదవగలిగిన చివరి తేదీ 2018 ఫిబ్రవరి. ఆట సైటులో ఈ డబ్బా పేజీని ఎప్పుడో మూసేశారు. జాడ తీసే పరికరమేమో, మెరైన్ పోలీసులకు ఇచ్చేయమని చిన్నాన్న పోరు పెడుతున్నారు. చెల్లెలేమో తాళాల గుత్తికి కావాలంటోంది. ఆట తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

గంటస్తంభం, విజయనగరం

డబ్బా పేజీయే మూతబడింది కదా, ఇన్నేళ్ల తర్వాత ఎవరు అడుగుతారు? చెల్లెలికి ఇచ్చేయండి.

సార్టర్ తాతయ్య, ఆమదాలవలస

గంటస్తంభం గారి సలహా నాకు నచ్చలేదు. తమ్ముడూ, చెల్లెలికి ఆ గోళీలు ఇవ్వు. అవీ నాణెమూ మార్పిడి సరుకు, బదులుగా అంత విలువైనది ఏదైనా పెడితే చాలు. బిళ్ల అలాంటిది కాదు. దానికి యజమాని ఉంటాడు, అది ఎక్కడెక్కడికి వెళ్లాలో కూడా రాసి వదులుతాడు. నేను రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైనవాణ్ణి. చిరునామా చెరిగిపోయిన కవరు వస్తే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు పంపేవాళ్లం తప్ప జేబులో వేసుకోలేదు. నీకు దొరికినదానికి చిరునామా చెరగనేలేదు. ఆ కోడే చిరునామా.

మీ చిన్నాన్నగారి అనుమానం సహజమే. తీరం ఊళ్లలో కొత్త వస్తువు కనిపిస్తే చెప్పమని అంటూనే ఉంటారు. కానీ ఈ బిళ్లలో బ్యాటరీ లేదు, చిప్పు లేదు, ఏ సంకేతమూ పంపదు. దొరికినవాళ్లు సైటులో రాస్తేనే అది ఎక్కడుందో తెలుస్తుంది. పేజీ తెరిచి ఆయనకే చూపించు.

ఇక అసలు సంగతి. సైటులో ఆ కోడు వేసి పేజీ తెరువు, అయితే ‘తీసుకున్నాను’ అనే నమోదు జోలికి అప్పుడే వెళ్లకు. ముందు చరిత్ర అంతా చదువు. ట్రావెల్ బగ్ కొన్నవారికి ఒకే నంబరుతో రెండు బిళ్లలు వస్తాయి. ఒకటి లోకం మీదకు వదిలి, రెండోది ఇంట్లో దాచుకుంటారు. మొదటిది పోయిందనుకున్నాక కొందరు ఆ రెండోదానికి ఇంకో బొమ్మ కట్టి పంపేస్తారు. అలాంటప్పుడు నువ్వు బారువలో కూర్చుని ‘తీసుకున్నాను’ అని రాశావనుకో, ఎక్కడో ఎవరో జాగ్రత్తగా మోస్తున్న బిళ్ల సైటు లెక్కలో నీ చేతికి వచ్చేస్తుంది. ఆపైన నువ్వు దాన్ని మరో డబ్బాలో వేస్తే చేయని ప్రయాణం కిలోమీటర్లలోకి ఎక్కుతుంది. మా మనవరాలు ఈ ఆట నేర్పినప్పుడు నాకు మొదట పట్టుబడనిది ఇదే.

2018 తర్వాత ఏమీ లేకుండా ఇంకా ఆ పాత డబ్బాలోనే ఉన్నట్టు చూపిస్తే నిశ్చింతగా తీసుకున్నట్టు రాయి. పేజీ మూసేసినా అడ్డు రాదు. ‘ఎక్కడుందో తెలియదు’ అని ఉంటే, డబ్బాలో కాక వేరే చోట దొరికినట్టు రాసే వీలుంది. కోడు మాత్రం ఇక్కడ రాయకు, ఫోటోలో కనపడనీయకు. అది బయటపడితే బిళ్లను కంటితో చూడనివారు కూడా చూశామని రాసేసుకుంటారు, ఆ సరదా ఉన్నవాళ్లు ఉన్నారు.

బొబ్బిలి వీణ

పేజీలో ‘పోయింది’ అని గుర్తు పెట్టేస్తే సరిపోదా?

సార్టర్ తాతయ్య, ఆమదాలవలస

దొరికినవారికి ఆ అధికారం లేదమ్మా. బిళ్ల యజమానో, డబ్బా పెట్టినవారో, సైటు నిర్వాహకులో చేయాలి. పైగా చేతిలో ఉన్నదాన్ని పోయిందనడం ఎందుకు?

ఉద్దానం కొబ్బరి, సోంపేట

తాతయ్యగారూ, మీరు అన్నట్టే ఉంది! తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలన్నీ చూడాలని యజమాని రాసుకున్నారు. బారువకు ఎందుకు చేరిందో ఇప్పుడు అర్థమైంది, ఆలివ్ రిడ్లేలు మా తీరానికి వస్తాయి కదా. 2019లో ఆయనే ‘తుఫానులో పోయినట్టుంది, జంట బిళ్లను పంపుతున్నాను’ అని రాశారు. ఆ రెండోది 2022లో కోస్టారికాలో ఒక డబ్బాలోకి చేరింది, తర్వాత కబురు లేదు. ఇప్పుడు నేను ఏమని రాయాలి?

సార్టర్ తాతయ్య, ఆమదాలవలస

‘చూశాను’ అని నమోదు చెయ్యి. దానివల్ల బిళ్ల లెక్కలో ఉన్నచోటు నుంచి కదలదు. మొద్దు, డబ్బా, తాబేలు కనపడేలా ఫోటో పెట్టు, కోడు మీద బొటనవేలు అడ్డం ఉంచు. తర్వాత సైటు నుంచే యజమానికి ఉత్తరం రాయి: మొదటిది దొరికింది, తపాలాలో పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా అని. ఆయన కొత్త కోడు కొని ఈ తాబేలుకే కట్టమన్నా అనవచ్చు. జవాబు వచ్చేదాకా ఏ డబ్బాలోనూ వేయకు. డబ్బా పెట్టినవారికి కూడా ఒక ముక్క రాయి, పుస్తకం వారిది. దాన్ని ఎండలో కాదు, నీడలో ఆరబెట్టు.

బిళ్లను మంచినీళ్లతో కడుగు. అల్యూమినియం కనుక దానికి తుప్పు భయం లేదు, గొలుసునే ఉప్పుగాలి తినేసి ఉంటుంది. అలాంటి పూసల గొలుసు సోంపేట ఫ్యాన్సీ దుకాణాల్లో దొరకవచ్చు. చెల్లెలికి కూడా ఒకటి కొను.