రెస్పాన్సివ్ డిజైన్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: వెబ్ డిజైన్ పాఠాలు తెలుగులో రాస్తున్నా. తెర వెడల్పును బట్టి పేజీ అమరిక మారడాన్ని రెస్పాన్సివ్ డిజైన్ అంటాం కదా, దానికి ‘ప్రతిస్పందనాత్మక రూపకల్పన’ అని పెట్టాను. మా తమ్ముడు చదివి ‘సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునేవారే, ఆ స్పందనా?’ అన్నాడు. ఇంకో మాట చెప్పండి.

జవాబు: ‘ఒదిగే పేజీ’ అనండి. అద్దంలో కొండ పద్యం ఉందిగా, సరిగ్గా అదే.

జవాబు: స్పందన వద్దండీ, ‘సర్వర్ స్పందించడం లేదు’ అని రోజూ చూసే జనం స్పందించే సైట్ అంటే గబుక్కున తెరుచుకునేది అనుకుంటారు. వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010 మేలో ఎ లిస్ట్ అపార్ట్ అనే వెబ్ పత్రికలో ఈ పేరు పెట్టింది కూడా భవన నిర్మాణం వాళ్ళ మాట చూసే, లోపలి మనుషులను బట్టి గది తన తీరు మార్చుకోవడం అన్న అర్థంలో.

ఇక అద్దంలో కొండ ససేమిరా కాదు! అద్దంలో కొండ చెట్టూ పుట్టతో సహా చిన్నదైపోతుంది. 2007లో మొదటి ఐఫోన్ చేసిందదే, మామూలు పేజీని 980 పిక్సెళ్ళ వెడల్పున వేసి చిన్న తెరలోకి కుదించేది, రెండు వేళ్ళతో సాగదీస్తే గానీ అక్షరం ఆనేది కాదు. రెస్పాన్సివ్ పేజీలో అక్షరం చదవగలిగేంత సైజులోనే ఉంటుంది, పక్కపక్కనున్న మూడు గళ్ళు ఒకదాని కిందకి ఒకటి చేరతాయి. పైగా ఒదగడం ఇరుకులోకే, పెద్ద తెర మీద పరుచుకోవాలి కూడా కదా. నా ఓటు ‘సర్దుకునే పేజీ’కి.

జవాబు: సర్దుకోవడమంటే రాజీపడటం కాదూ?

జవాబు: అది సర్దుకుపోవడమండీ. బస్సులో ‘కాస్త సర్దుకోండి’ అంటే ముగ్గురి సీట్లో నాలుగో మనిషికి చోటు దొరుకుతుంది, ఒకరు దిగితే మళ్ళీ అందరూ విశాలంగా కూర్చుంటారు. సామాన్లు సర్దడంలోని అమర్చడం కూడా ఇందులోనే ఉంది. అన్నట్టు మన పొడుగు మాటలు అంత తేలిగ్గా సర్దుకోవు. నేను చేసిన ఒక పేజీలో ‘కార్యనిర్వహణాధికారి’ ఫోన్ మెనూలో పట్టక పేజీ మొత్తం పక్కకి జారేది. పట్టని మాటను విరిచి కింది వరుసలో వేసే ఓవర్‌ఫ్లో-ర్యాప్ అన్న సీఎస్ఎస్ సూచన పెడితే ‘కార్యనిర్వహణా’ పైన, ‘ధికారి’ కింద పడ్డాయి. చివరికి ‘ఈవో’ అని రాసేశా.