చేత్తో రాస్తే బాగుంది, కదిలిస్తే పాడైపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

గీతలగోల:
హాయ్ అందరికీ, గ్రాఫిక్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నా. ఈ సెమ్ ప్రాజెక్ట్‌కి ఒకే ఒక్క పదం తీసుకుని పది సెకన్లు యానిమేట్ చేద్దామనుకున్నా, పదం "నిద్ర". బ్రష్ పెన్‌తో పేపర్ మీద రాసింది నాకే నచ్చింది (నా పని నాకు నచ్చడం చాలా అరుదు లెండి), కానీ కదిలించడం మొదలుపెట్టాక మూడు రకాలుగా ట్రై చేశా, మూడూ చెడగొట్టుకున్నా.

ఫస్ట్ ఫాంట్‌తో టైప్ చేసి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ యానిమేటర్ పెట్టా, ఒక్కో అక్షరం విడివిడిగా ఒరిగి పడుకోవాలని. ద కింద ఉండాల్సిన ర ఒత్తు ఊడొచ్చేసి "నిద్‌ ర" అని కూర్చుంది. తర్వాత నా చేతిరాతనే స్కాన్ చేసి ట్రేస్ చేసి, నిలబడ్డ అక్షరం నుంచి పడుకున్న అక్షరానికి మార్ఫ్ (ఒక ఆకారం మెల్లగా ఇంకోదానిగా మారడం) పెట్టా, మధ్యలో న మొత్తం పిండేసిన తడిగుడ్డలా మెలికలు తిరుగుతోంది. విసుగొచ్చి పేపర్ మీద 40 సార్లు రాసి స్కాన్ చేసి వరసగా పెట్టా. ఇప్పుడు పదం నిద్రపోవడం మానేసి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

మా సార్ చూసి "టైపోగ్రఫీనా, డ్రాయింగా, యానిమేషనా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. నాకేమో మూడూ కావాలి. అత్యాశేనా? ఎవరైనా ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

కీఫ్రేమ్‌కూలీ:
నీ తప్పు కాదు, నీకు "నిద్ర" అంటే కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కి మాత్రం అది ఐదు ముక్కలు: న, గుడి, ద, పొల్లు, ర. ఈ ఐదింటిని కలిపి రెండుగా చూపించే పని ఫాంట్‌లో రాసి ఉన్న రూల్స్‌ది, వాటిని సాఫ్ట్‌వేర్ చదవకపోతే పొల్లు బయటపడి ర పక్కకొచ్చి నిలబడుతుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఉందేమో చూడు (వర్షన్‌ని బట్టి పేరు మారొచ్చు). అది పెట్టినా ఒక్కో అక్షరం విడిగా కదపాలంటే నేను దాన్ని నమ్మను, ఇలస్ట్రేటర్‌లో ఔట్‌లైన్స్ చేసేసి (అంటే టెక్స్ట్‌ని మామూలు గీతలుగా మార్చేసి), ని ఒక లేయర్, ద్ర ఒక లేయర్ చేసుకుని తెస్తా.

మార్ఫ్ సంగతి: రెండు పాత్‌లలో (అక్షరం అంచు గీతల్లో) పాయింట్ల లెక్క ఒకటే ఉండాలి, మొదటి పాయింట్ కూడా అదే చోట ఉండాలి. నువ్వు రెండుసార్లు ఆటో ట్రేస్ చేసి ఉంటావ్, అది ఒకసారి 60 పాయింట్లిస్తే ఇంకోసారి 70 ఇస్తుంది, అవి ఎవరికి ఎవరు జతో తెలియక అడ్డదిడ్డంగా పరిగెడతాయి. నిలబడ్డ అక్షరాన్ని పెన్ టూల్‌తో ఒక్కసారే గియ్యి, పైన కింద కుడి ఎడమ వంపు చివర్లలో మాత్రమే పాయింట్లు పెట్టి, దాన్నే కాపీ చేసి పాయింట్లు లాగి పడుకోబెట్టు. అప్పటికీ మెలిక పడితే సెట్ ఫస్ట్ వెర్టెక్స్ అని ఒక ఆప్షన్ ఉంది, దాంతో మొదటి పాయింట్ మార్చుకో.

రెండర్‌రాత్రి:
ఇంత కష్టం ఎందుకు బ్రో, వేరియబుల్ ఫాంట్ వాడు. 2016లోనే అడోబీ, యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ నలుగురూ కలిసి తెచ్చారు, ఒకే ఫైల్‌లో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉంటాయి. అనెక్ తెలుగు తీసుకో, వెయిట్, విడ్త్ రెండూ మార్చొచ్చు, వెబ్ పేజీలో సీఎస్ఎస్ (పేజీ ఎలా కనబడాలో చెప్పే కోడ్)తో ఊపిరి పీల్చినట్టు చేయొచ్చు, ఒత్తు కూడా ఊడదు.

చేతివాటం:
అనెక్ మంచి ఫాంటే, కాదనను, కానీ పాప/బాబు బ్రష్ పెన్‌తో రాసింది నచ్చిందని చెప్తుంటే తీసుకెళ్లి ఫాంట్ చేతిలో పెడతావేంటి.

గీతలగోలా, నేను లెటరింగ్ చేస్తా, నాకు కనిపించేది వేరే. నువ్వు అక్షరాన్ని బొమ్మ అనుకుని మొత్తంగా ఒరగబెడుతున్నావ్. అక్షరం చెయ్యి వెళ్లిన దారి కదా. ఫోన్ పైనుంచి పెట్టి నువ్వు "నిద్ర" రాయడం వీడియో తీసుకో, స్లోగా చూడు. మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది, వంపు దాటాక జారుకుంటుంది. ద్ర రాసేటప్పుడు నేనైతే ద పొట్ట అయ్యాక తలకట్టు కొట్టి, ఆఖర్లో కిందకొచ్చి క్రావడి (ర ఒత్తు) ఒక్క ఊపులో చుట్టేస్తా, నువ్వెలా రాస్తావో నీ వీడియోనే చెప్తుంది. ఆ టైమింగ్ తీసుకుని కీఫ్రేములు (ఏ క్షణంలో గీత ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టు, లీనియర్‌గా, అంటే ఒకే వేగంతో పెడితే గీత పాములా పాకుతుంది.

రాస్తున్నట్టు చూపించాలంటే ట్రిమ్ పాత్స్ గీతని (మెల్లగా పొడవు పెరిగే గీతని) మాస్క్‌గా, అంటే అది వెళ్లిన మేరకే అక్షరం కనబడేలా పెడతారు కదా, అక్కడ తెలుగుకి ఒక చిక్కుంది. మన గీతలు తిరిగొచ్చి తమ మీద తామే ఎక్కుతాయి, గుడి చుట్టు చూడు. లావు మాస్క్ ఇటు వెళ్తుంటే పక్కనున్న ఇంకా రాయని ముక్క కూడా తొంగి చూస్తుంది. దాటే చోట అక్షరాన్ని రెండు లేయర్లుగా కోసి దేనికి దానికి మాస్క్ పెట్టు. బోరింగ్ పనే, అరరోజు పడుతుంది.

ఇంకోటి, గీతలు వంచేటప్పుడు అక్షరం పేరు మారకుండా చూసుకో. ద కింద పొరపాటున చిన్న గీత అంటితే ధ అయిపోతుంది. ప, స, హ లాంటివాటికి తలకట్టు అంటకూడదని చిన్నప్పుడు ఎందుకు చెప్పారో ప కాస్తా వ అయ్యాక నాకు తెలిసింది.

లైట్‌బాక్స్:
40 పేపర్ల వణుకు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అందులో రెండు వణుకులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి గీతది, అది కావాలి. రెండోది స్కానర్ మీద పేపర్ జరగడంది, అది వద్దు. ప్రతి పేపర్ మూలల్లో ప్లస్ గుర్తులు వేసి స్కాన్ అయ్యాక వాటిని ఒకదాని మీద ఒకటి కలుపు, సగం జ్వరం దిగిపోతుంది. మిగతా సగం ఎందుకంటే నువ్వు ప్రతిసారీ కొత్తగా రాశావ్. కింద పాత పేపర్ పెట్టి వెలుతురులో దాని మీదే దిద్దాలి. 1908లో ఎమిల్ కోల్ ఫాంటస్మగోరీ చేసినప్పుడు పద్ధతి అదే, వెలుగుతున్న గాజు మీద ముందు బొమ్మ పెట్టి తర్వాతది గీసుకుంటూ దాదాపు 700 బొమ్మలు, ఒక్కోటి రెండేసి ఫ్రేములు. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో గీసి నెగటివ్‌గా ప్రింట్ చేస్తే బ్లాక్‌బోర్డ్ మీద సుద్దముక్కలా వచ్చింది. నీది నిద్ర కాబట్టి ఇన్వర్ట్ కొట్టు (నలుపు తెలుపు తారుమారు చెయ్యి), రాత్రి ఫ్రీగా వస్తుంది.

సెకనుకి 24 చొప్పున పది సెకన్లంటే 240 ఫ్రేములు, రెండేసి లెక్కన 120 బొమ్మలు, అన్నీ గీయక్కర్లేదు. ఒకే పోజ్‌ని మూడుసార్లు దిద్ది తిప్పుతూ ఉంటే గీత బతికే ఉంటుంది.

గీతలగోల:
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. ముందుగా, పాప. 😄

ప్లస్ గుర్తులు వేశాక నిజంగానే సగం తగ్గింది. దిద్దిన మూడు పేపర్లు తిప్పుతుంటే స్పీడ్ మార్చి చూశా, రెండేసి ఫ్రేములకి మారుతుంటే పదం కంగారుగా ఉంది, నాలుగేసికి తెస్తే కాస్త కుదురుకుంది, ఆరేసికి వచ్చేసరికి మత్తుగా అయిపోయింది. అసలు అక్షరాన్ని ఒరగబెట్టనే లేదు! అందుకే మార్ఫ్ మొత్తం తీసేశా, మెలికలు విప్పడానికి పోయిన రాత్రిళ్లు తలుచుకుంటే ఏడుపొస్తోంది. మొదటి రెండు సెకన్లు చేతివాటం గారు చెప్పినట్టు రాస్తున్నట్టు వస్తుంది, తర్వాత వణుకు మెల్లగా తగ్గుతుంది, మధ్యలో ద తలకట్టు ఒక్కటే రెప్పలా కొంచెం వాలుతుంది. ఇన్వర్ట్ కూడా కొట్టా.

ఒకటే డౌట్, చివర్లో పూర్తిగా ఆపేస్తే మా ఫ్రెండ్ "వీడియో హ్యాంగ్ అయింది" అని స్పేస్‌బార్ నొక్కింది.

లైట్‌బాక్స్:
పూర్తిగా ఆపకు. ఆఖరి బొమ్మని ఇంకొక్కసారి దిద్ది, ఆ రెండిటినీ అరసెకనుకోసారి మార్చు, అంటే 12 ఫ్రేములకి ఒకటి. ఊపిరి ఉన్నట్టు ఉంటుంది, స్పేస్‌బార్ ఎవరూ నొక్కరు.

కీఫ్రేమ్‌కూలీ:
మార్ఫ్ తీసేశావా, నేనంత టైప్ చేశా కదమ్మా. సర్లే, అయ్యాక లింక్ పెట్టు.