మందు కొట్టే విమానం మన చెల్కల మీదికి వస్తదా? డ్రోనే చాలా?

ఆత్మకూరు పత్తి:
మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తరన్నప్పటి సంది గ్రూపులల్ల ఒకటే ముచ్చట. అమెరికాల లెక్క విమానంతోని మందు కొట్టిస్తే కూలోళ్ల తిప్పలు తప్పుతయని. పత్తే ఐదు వందల ఎకరాలున్న ఊళ్లున్నయి. అందరు కలిసి పిలిపిస్తే ఎందుకు కాదు? నేనైతే అయితదనే అంట. కాదనేటోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

గాలిమోటరు:
లెక్కనే చెప్త అన్నా. ఎయిర్ ట్రాక్టర్ 802 లాంటి పెద్ద విమానం పంట మీద 10–12 అడుగుల ఎత్తున, గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోతది. అంటే సెకనుకు 60 మీటర్ల పైననే. ఒక్క పోతకు 20 మీటర్ల వెడల్పు తడుస్తదనుకుంటే ఎకరం మూడు నాలుగు సెకన్ల పని. ఎకరానికి 20 లీటర్లు పడాలంటే సెకనుకు 6 లీటర్లు బయటికి రావాలె. రెక్కల కింది గొట్టానికి అన్నన్ని నాజిల్స్ అందుకే. ఆ గొట్టం రెక్క కొసదాకా ఉండదు, ముప్పావు వంతు కాడ ఆపుతరు. కొసల కాడ గాలి సుడి తిరుగుతది, మందును పైకి గుంజి ఎటో ఇడుస్తది. పంపు చాలా విమానాలకు పొట్ట కింద ఉంటది, దానికున్న చిన్న ఫ్యాను ఎదురుగాలికే తిరుగుతది. మందు ట్యాంకు ఇంజనుకు, పైలటుకు నడుమ, 802లో 3,000 లీటర్లు.

ఇగ మన చెల్క చూడు. రెండెకరాలంటే ఇంచుమించు 90 మీటర్లకు 90. ఈ గెట్టు నుంచి ఆ గెట్టు దాటేటందుకు సెకనున్నర. మందు బందు చేసేలోపు పక్కోని మక్క చేను. మలుపు తిరిగి మళ్ల లైన్ల పడేటందుకు అర నిమిషం. ఐదు వందల ఎకరాలు ఒక్క దిక్కునే ఉన్నా నడుమ ఒకరిది మిర్చి, ఒకరిది వరి, వేపచెట్లు, బాయి మోటర్ల కరెంటు తీగలు.

ఆత్మకూరు పత్తి:
తీగలు అక్కడ లేవా? 1921ల ఒహాయోల మొదలుపెట్టిన్రట, వందేండ్లు దాటింది. విమానాలు తయారుచేసే మన సర్కారు కంపెనీ హెచ్‌ఏఎల్ కూడ బసంత్ అని పొలాల విమానం చేసింది. పైలట్లకు శిక్షణ ఇస్తే సరిపోదా?

గాలిమోటరు:
శిక్షణ ఉన్నోళ్లే తీగలకు తగులుతున్నరు. గాలిల తీగ కనిపించదు, స్తంభం కనిపిస్తది. స్తంభాల వరుస చూసి తీగ ఎటు పోతుందో అంచనా కట్టుకుంటరు. స్తంభాన్ని గుంజి పట్టే స్టే వైరు ఏటవాలుగ ఉంటే లైను అక్కడ మలిగిందనో, ఆగిందనో లెక్క. అసలు చిక్కేందంటే, తగిలే తీగలల్ల చానా మట్టుకు పైలటుకు ముందే తెలిసినయే. కొట్టే ముందు పైనుంచి చుట్టు తిరిగి చూసుకుంటడు, పదిహేనో పోతకు ధ్యాస జీపీఎస్ లైను మీద ఉంటది. పొద్దుగూకేముందు ఎండ కండ్లల్ల పడితే స్తంభం సుత కనిపించదు. తీగను తెంపేటందుకు విమానం అద్దం నడుమ, చక్రాల కాళ్లకు కత్తులుంటయి. క్యాబిన్ పైనుంచి తోక కొస దాకా ఒక తాడు కడతరు, తీగ దాని మీద జారిపోవాలని. సన్న తీగలకైతే పని చేస్తది, పెద్ద టవర్ లైనుకు కాదు.

రెండోది మలుపు. ట్యాంకు నిండుగున్నప్పుడు 60 డిగ్రీలు వంచి అదే ఎత్తుల తిప్పితే రెక్క రెట్టింపు బరువు మొయ్యాలె. వేగం చాలకపోతే రెక్క మీది గాలి పట్టు తప్పుతది. పది వేల అడుగులల్ల అయితే సర్దుకోవచ్చు, వంద అడుగులల్ల ఏం సర్దుకుంటవ్? ఎండకాలం గాలి పలుచనై సులువుగ లేవదు. అందుకే ట్యాంకు కింద తలుపు పెడతరు, గుంజితే మందంతా కొన్ని సెకన్లల్ల కింద పడతది. కింద ఎవరి చేనున్నదో చూసే టైం ఉండదు.

పరకాల విస్తరణ:
విషం సంగతి కూడా కలపండి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఒంట్లోకి పోతే కంటిపాప చిన్నదై చూపు మసకబారుతుంది, తల తిరుగుతుంది. చేలో మనిషైతే పంపు దించి గట్టు మీద కూర్చుంటాడు. పైలట్‌కు ఆ అవకాశం లేదు. అందుకే కలపడం, నింపడం వేరే మనిషి పని. తన మందులోంచి తానే ఎగరకుండా పైలట్ గాలివాలు అంచున మొదలుపెట్టి గాలికి ఎదురు దిక్కుకు జరుగుతూ కొడతాడు.

ఇక అనుమతులు. 1971 పురుగుమందుల నిబంధనల ప్రకారం ఆకాశం నుంచి కొట్టే ముందు కనీసం 24 గంటల ముందుగా ఊరికి తెలపాలి, మనుషులను, పశువులను అటు పోనివ్వకూడదు. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లించినందుకు జనం ఆరోగ్యానికి జరిగిన హాని మీద కోర్టులు ఏళ్ల తరబడి విచారించాయి. విమానం మనకు సాధ్యం కాదు, మంచిది కూడా కాదు. డ్రోన్ చాలు.

నర్సంపేట మిర్చి:
సార్, "డ్రోన్ చాలు" అన్న కాడ ఒప్పుకోను. మిర్చికి చేతిపంపుతోని ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పోతయి. డ్రోన్ అదే మందును 10 లీటర్లల్ల కొడతది, ఇరవై రెట్ల చిక్కదనం. నల్ల తామర పురుగు పువ్వుల దాగుంటది, పైపైన పడ్డ చుక్క దాన్ని అందుకోదు. పొడి మందు ముందు కరగనియ్యకుండ నూనె మందు పోస్తే పెరుగు లెక్క విరిగి నాజిల్ మూసుకుంటది. డ్రోన్‌తోని పైలట్ ప్రాణానికి ముప్పు తప్పింది నిజమే. బకెట్ల చిక్కటి మందు కలిపే పిలగానికి గ్లౌజులున్నయా చూడుండ్రి ఒకసారి.

పరకాల విస్తరణ:
మిర్చి పూతమీద మీరన్నది నిజమే, అక్కడ చేతిపంపే మేలు. నేను వరిని, చిన్న పత్తిని దృష్టిలో పెట్టుకొని రాశాను. పొడి మందు ముందు, తర్వాత ద్రవం, నూనె మందు చివర. ఈ వరుస డ్రోన్‌కు మరింత ముఖ్యం.

ఆత్మకూరు పత్తి:
సరే, విమానం ముచ్చట ఇడిసిపెట్టిన. పత్తికి డ్రోన్ పిలిపిస్త మరి, ఏమన్న చూసుకోవాల్నా?

గాలిమోటరు:
నిన్న అది దేంట్ల కొట్టిందో అడుగు. మక్కల గడ్డికి 2,4-డి అనే గడ్డిమందు కొట్టిన ట్యాంకైతే గొట్టం, నాజిల్స్ తోని సహా అమ్మోనియా కలిపిన నీళ్లతోని నానబెట్టి కడిగినంక గాని రానియ్యకు. పత్తికి ఆ మందు చుక్క చాలు, ఆకులు బెండాకు లెక్క సన్నగ చీలి ముడుచుకుంటయి. పక్క మక్క చేన్ల కొడుతున్న రోజు సుత గాలి నీ దిక్కు ఉంటే ఆపమను.