87వ సోవియట్ రైఫిల్ డివిజన్ ఒకటా, మూడా?

అనంతపురం పీజీ హిస్టరీ: అన్నలూ, సెమినార్ పేపరు కోసం రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ ఎర్రసైన్యం 87వ రైఫిల్ డివిజన్ (కాల్బలం డివిజన్) గురించి రాస్తాండా. ఒకచోట 1941 సెప్టెంబరులో కీవ్ దగ్గర తుడిచిపెట్టుకుపోయిందని ఉంది. ఇంకోచోట 1942లో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర కొట్లాడిందని ఉంది. అదే 13వ గార్డ్స్ (బాగా పోరాడిన దళాలకు ఇచ్చే గౌరవ బిరుదు) డివిజన్ అయిందనీ అంటారు. యాది నమ్మాల?

కర్నూలు బురుజు: మూడూ నిజమే, కానీ మూడూ వేరు. ఇల్లు కూలితే ఆ డోర్ నెంబరు తీసి ఇంకో వీధిలో ఇంటికి తగిలించినట్టు, ఎర్రసైన్యం పోయిన డివిజన్ నెంబరును కొత్తదానికి ఇచ్చేది. మొదటి 87 కీవ్ దగ్గర జర్మన్లు చుట్టుముట్టినప్పుడు పోయింది. రెండోదాన్ని 1941 చివర్లో 3వ ఎయిర్‌బోర్న్ కోర్ (పారాచూట్ దళం) మనుషులతో కట్టినారు. 1942 జనవరి 19న అది 13వ గార్డ్స్ అయింది, కమాండర్ రొదిమ్‌త్సెవ్. 87 ఖాళీ అయినాక మూడోసారి ఇంకొకరికి పోయింది.

తికమకంతా ఎందుకంటే, రెండోదీ మూడోదీ రెండూ స్టాలిన్‌గ్రాడ్‌లో ఉన్నాయి! నువ్వు చూడాల్సింది డివిజన్ లోపలి దళాలైన రెజిమెంట్ల నెంబర్లు. 1378, 1379, 1382 కనబడితే మూడో 87. 1942 ఆగస్టులో స్టాలిన్‌గ్రాడ్ దగ్గరి మలయా రొసోష్కా ఊరి దగ్గర జర్మన్ ట్యాంకులను ఆపిన 33 మంది 1379 వాళ్లే. 34, 39, 42 గార్డ్స్ అని ఉంటే రొదిమ్‌త్సెవ్ డివిజన్.

అనంతపురం పీజీ హిస్టరీ: బాగా అర్థమైందన్నా. డివిజన్ బలం 14,483 మంది అని రాసేదా?

కడప పాతపుస్తకాలు: వద్దు. అది రైఫిల్ డివిజన్‌కు మంజూరైన 1941 ఏప్రిల్ లెక్క. జులైలోనే 10,859కి కోసినారు, 1942 డిసెంబరులో 9,435. అదీ కాగితం మీద. 13వ గార్డ్స్ 1942 సెప్టెంబరు 14 రాత్రి వోల్గా దాటేటప్పుడు సుమారు 10,000 మంది. అందులో వెయ్యిమందికి పైగా చేతిలో రైఫిలే లేదని 62వ సైన్యం కమాండర్ చుయికోవ్ రాసినాడు. కాబట్టి బలం రాస్తే పక్కనే తేదీ రాయి, మంజూరైనదా, నిజంగా ఉన్నదా అనేది కూడా.

రష్యా రక్షణశాఖ ‘పామ్యత్ నరోదా’ సైట్‌లో డివిజన్ యుద్ధ డైరీల స్కాన్లు ఉంటాయి. రష్యన్ లిపిలోనే వెతకాల. మామూలు రైఫిల్ డివిజన్‌కు ‘స్’, ‘ద్’ రెండక్షరాలు, గార్డ్స్‌దైతే ముందు ‘గ్వ్’. ఆ ముందక్షరాలు వదిలేస్తే 13వ గార్డ్స్ బదులు మామూలు 13వ డివిజన్ కాగితాలొస్తాయి, అది వేరే కథ.

కర్నూలు బురుజు: ఇంకొకటి. స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ సైనికులు కాపాడుకున్న పేరున్న భవనం ‘పావ్లోవ్ ఇల్లు’ 42వ గార్డ్స్ రెజిమెంటుది. దాన్ని 87 ఖాతాలో వేయొద్దబ్బా.