చైనా ఉపాధ్యాయుల ఇంగ్లిషు మాటకు మన చెవితో మార్కులు వేయవచ్చునా?

ప్రశ్న: మద్దిలపాలెం అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో 19 ఏళ్లుగా ఇంగ్లిషు బోధిస్తున్నాను. చైనాలోని సిచువాన్ ప్రాంతంలో ప్రాథమిక పాఠశాలల ఇంగ్లిషు ఉపాధ్యాయులకు సెలవుల్లో శిక్షణ ఇచ్చే ఒక సంస్థ, అక్కడ పనిచేస్తున్న నా పాత సహోద్యోగి ద్వారా 30 మంది ఉపాధ్యాయుల రికార్డింగులు నాకు పంపి, ఒక్కొక్కరికి 1 నుంచి 5 లోపు ఒక స్థాయి నిర్ణయించమని కోరింది. ప్రతి రికార్డింగులోనూ ఉపాధ్యాయులు ముందుగా ఒక పేరా పైకి చదువుతారు, తరువాత తమ బడి గురించి రెండు ప్రశ్నలకు జవాబు చెబుతారు, చివరగా ఐదో తరగతి పిల్లలు ఎదురుగా ఉన్నట్టు భావించి ఒక ఆట ఎలా ఆడాలో ఇంగ్లిషులో వివరిస్తారు.

మొదటిసారి అన్నీ విని మార్కులు వేశాను. వారం తరువాత అనుమానం కలిగి, పాత మార్కులు చూడకుండా పది రికార్డింగులు మళ్లీ విన్నాను. నాలుగింటికి వేరే మార్కు వచ్చింది. వాటిలో 17వ నంబరు రికార్డింగు నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆ ఉపాధ్యాయిని ‘లైట్’కీ ‘నైట్’కీ తేడా లేకుండా పలికారని మొదట 2 వేశాను. రెండోసారి వింటే, ఆమె ఆట నియమాలు చెప్పిన పద్ధతి ఎంత స్పష్టంగా ఉందంటే, ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. ఈసారి 4 వేశాను. ఇందుకు విరుద్ధంగా, పేరా చక్కగా చదివి నా చేత 5 వేయించుకున్న ఒకరు, సొంతంగా మాట్లాడవలసి వచ్చేసరికి సగం వాక్యాల దగ్గర ఆగిపోయారు.

ఇంగ్లిషు నాకూ మాతృభాష కాదు. నా తీర్పును బట్టి ఎవరికి మరింత శిక్షణ అవసరమో నిర్ణయిస్తారు కాబట్టి, ఈ పని న్యాయంగా చేయాలన్న ఆదుర్దా ఉంది. యాసకు ఎంత విలువ ఇవ్వాలి, పైకి చదవడానికి ఎంత ఇవ్వాలి, నా చెవిని నేను ఎంతవరకు నమ్మాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, వాల్తేరు అప్‌ల్యాండ్స్

అమ్మా, హైదరాబాదులో సీఫెల్ అని మేము పిలుచుకున్న సంస్థలో (1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, ఇప్పుడు ఇఫ్లూగా, అంటే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్నది) ధ్వనిశాస్త్రం చదువుకుని, ఆ తరువాత జీవితమంతా అదే బోధించాను. మీరు తడబడింది మార్కుల దగ్గర కాదని నాకు తోస్తోంది. మూడు వేర్వేరు విషయాలను ఒకే అంకెలో ఇమడ్చమని మిమ్మల్ని అడిగారు. మాటలో యాస ఎంత ఉంది అన్నది ఒకటి, వినేవారు ఎంత శ్రమపడాలి అన్నది రెండోది, చివరికి మాట అర్థమైందా లేదా అన్నది మూడోది. 1995లో మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు ఈ మూడింటినీ విడదీసి చూపించారు. వారు వినిపించినవి కూడా చైనా ప్రధాన భాష మాండరిన్ మాతృభాషగా గలవారి ఇంగ్లిషు మాటలే. యాస చాలా ఎక్కువగా ఉందని శ్రోతలు తేల్చిన వాక్యాలను కూడా ఆ శ్రోతలే చాలావరకు తప్పు లేకుండా రాయగలిగారు. మీ 17వ నంబరు సంగతి సరిగ్గా ఇదే. యూరప్ భాషా స్థాయిల ప్రమాణపత్రానికి 2018లో వచ్చిన అనుబంధంలో ఉచ్చారణ కొలమానాన్ని తిరగరాసినప్పుడు కూడా, మాతృభాషీయుల్లా పలుకుతున్నారా అన్నదాని స్థానంలో ఎదుటివారికి అర్థమవుతోందా అన్నదానికే ప్రాధాన్యం ఇచ్చారు.

ఇక మీ చెవి సంగతి. దీనిని కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే ఇది మన తెలుగువారు ప్రత్యేకంగా గమనించుకోవలసిన విషయం. మాండరిన్‌లో అక్షరం చివర అనునాసికాలు తప్ప వేరే హల్లులు దాదాపు రావు. అందువల్ల ‘బిగ్’, ‘డెస్క్’ వంటి మాటలు ఎదురైనప్పుడు అక్కడివారు కొందరు చివరి హల్లును మింగేస్తారు, కొందరు దానికి ఒక చిన్న అచ్చు తగిలిస్తారు. మన భాష అజంతం. బస్సు, పెన్ను, బల్బు అని ప్రతి ఇంగ్లిషు మాటకూ అచ్చు చేర్చుకునే చెవి మనది. అచ్చు తగిలించినవారి మాట మనకు సహజంగా వినబడుతుంది, హల్లు మింగినవారి మాట వెంటనే లోపంగా తడుతుంది. మీరు రెండు రకాలవారికీ ఒకే మార్కు వేశారో లేదో ఒకసారి సరిచూసుకోండి. ‘థింక్’ను వారు ‘సింక్’ అంటే మనం ఉలిక్కిపడతాం, కానీ మనం పలికే థకారం కూడా ఇంగ్లిషు ధ్వని కాదు. ఇంగ్లిషులో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ధ్వనికీ, కింది పెదవిని పళ్లకు ఆనించి పలికే ధ్వనికీ మన లిపిలో ఒకే వకారం ఉన్నది కాబట్టి, వారు ఒకదానికి బదులు మరొకటి పలికినా మనం పట్టుకోము. ముఖ్యమైన మరో విషయం పదంలో ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. తప్పు అక్షరం మీద ఊనిక పడితే ఇతర దేశాల శ్రోతలు చిక్కుపడవచ్చు, తెలుగు చెవికి మాత్రం అది సులభంగా దాటిపోతుంది.

అర్హత లేదని మీరు అనుకోనక్కరలేదు. రెండో మూల్యాంకకులుగా తెలుగు కాని మాతృభాష గలవారిని పెట్టుకోండి. మన ఊళ్లో ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇంగ్లిషు అధ్యాపకులు ఉన్నారు కదా. ముందుగా ఇద్దరూ కలిసి 2, 3, 4 స్థాయులకు ఒక్కొక్క రికార్డింగును కొలబద్దగా ఎంచుకుని, మిగిలినవి విడివిడిగా వినండి.

జవాబు: చైనాలో చదివిన వైద్యుడు, ఎంవీపీ కాలనీ

మేడమ్ గారూ, నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను. మా ఆచార్యులు ఇంగ్లిషులోనే పాఠం చెప్పేవారు. మొదటి నెలలో సగం కూడా అర్థం కాలేదు. మూడో నెలకు నోట్సు రాసుకోగలిగాము. ఆ రెండు నెలల్లో వారి ఉచ్చారణ ఏమీ మారలేదు, మా చెవులే అలవాటుపడ్డాయి. మీరు 30 రికార్డింగులను వరుసగా విని ఉంటే, మొదటి ఐదుగురికి అన్యాయం జరిగి ఉండవచ్చు. రెండోసారి వరుస మార్చి వినండి.

మరో మాట. ఆ దేశంలో ఉపాధ్యాయ అర్హతకు ప్రామాణిక చైనా భాషలో మౌఖిక పరీక్ష ఉన్నది. మూడు శ్రేణులు, ఒక్కో శ్రేణిలో రెండు తరగతులు. అందులో 100 ఏకాక్షర పదాలు చదివిస్తారు, ఒక్కో తప్పుకు 0.1 మార్కు తగ్గిస్తారు. అటువంటి పరీక్ష దాటి వచ్చినవారు, ఇంగ్లిషులో కూడా తప్పులు లెక్కపెట్టి చెప్పమని మిమ్మల్ని కోరవచ్చు. మీ పద్ధతి వేరైతే ముందే వివరించడం మంచిది.

అతడు, ఆమె అన్న తేడా వారి మాటలో వినబడదు, రెండింటికీ ఉచ్చారణ ఒకటే. అందుకే ఇంగ్లిషులో ‘హి’, ‘షి’ తారుమారవుతాయి. వచ్చాడు, వచ్చింది అనే మనకు అది చెవిలో గుచ్చుకుంటుంది, కానీ ఆట నియమాలు చెప్పేటప్పుడు దానివల్ల పిల్లలకు కలిగే నష్టం తక్కువ.

జవాబు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, పెందుర్తి

మాస్టారి మాటతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒకచోట విభేదిస్తున్నాను. అర్థమైతే చాలు అనడం పెద్దలు పెద్దలతో మాట్లాడుకునే చోట సరిపోతుంది. నా తరగతిలో పిల్లలు నేను చదివినట్టే చదువుతారు. నేను ఒక మాటను తప్పుగా పలికితే మధ్యాహ్నానికి గదిలో అందరూ అలాగే పలుకుతారు. చైనాలో పిల్లలు ఇంగ్లిషు మూడో తరగతిలో మొదలుపెడతారని విన్నాను. ఆ వయసులో చాలామందికి ఉపాధ్యాయిని గొంతే మొదటి ఇంగ్లిషు. పైగా ఆ పిల్లలదీ అదే యాస కాబట్టి, ఆమె ‘లైట్’ అన్నా ‘నైట్’ అన్నా తరగతిలో ఎవరికీ ఇబ్బంది కలగదు. ఇబ్బంది ఆ పిల్లలు పెద్దవారై బయటివారితో మాట్లాడినప్పుడు మొదలవుతుంది. అందువల్ల పైకి చదివే భాగాన్ని తీసివేయకండి. పిల్లలకు పాఠం చదివి వినిపించడం మా ఉద్యోగంలో రోజూ ఉండే పని.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, వాల్తేరు అప్‌ల్యాండ్స్

అమ్మా పెందుర్తి టీచరుగారూ, మీరు చెప్పినది నేను చెప్పవలసి ఉండి వదిలివేసిన విషయం. హాంకాంగులో 2001 నుంచి ఇంగ్లిషు ఉపాధ్యాయులకు నిర్వహిస్తున్న భాషా సామర్థ్య పరీక్షలో మౌఖిక పరీక్ష ఒక భాగమైతే, పరీక్షకులు తరగతి గదికి వెళ్లి కూర్చుని ఉపాధ్యాయుల భాషను అంచనా వేయడం వేరొక భాగం. మౌఖిక పరీక్షలో పైకి చదివించడం ఉన్నది. తరగతి గదిలో మాత్రం వ్యాకరణ శుద్ధి, ఉచ్చారణతోపాటు ఊనిక, స్వరం, పిల్లలతో సంభాషించే భాష, బోధించే భాష అని నాలుగింటికి విడివిడిగా స్థాయి వేస్తారు. ఐఇఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షలో కూడా నాలుగు అంశాలు ఉన్నా, అందులో పిల్లలకు వివరించే నేర్పును కొలిచే అంశం లేదు, ఎందుకంటే ఆ పరీక్ష ఉపాధ్యాయుల కోసం పుట్టినది కాదు. ఒకే అంకె ఇవ్వవద్దని మీ సంస్థకు చెప్పండమ్మా, మద్దిలపాలెం మేడమ్.

ప్రశ్న అడిగినవారి స్పందన

మాస్టారికి, డాక్టరుగారికి, టీచరుగారికి కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన తరువాత అచ్చు తగిలించినవారినీ, హల్లు మింగినవారినీ వేరుచేసి చూశాను. మార్కు మారిన నలుగురిలో ముగ్గురు హల్లు మింగేవారే. అంటే మొదటిసారి నేను వారికి తక్కువ వేసినది నా భాష అలవాటు వల్లనే. ఆ ముగ్గురి పేర్లు కూడా నాకు తెలియవు, అయినా మనసు చివుక్కుమన్నది.

సంస్థ వారితో నిన్న మాట్లాడాను. ఒకే అంకెకు బదులు మూడు అంకెలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పిల్లలకు నమూనాగా పైకి చదవడం ఒకటి, సొంతంగా మాట్లాడడం ఒకటి, తరగతికి వివరించడం ఒకటి. మా కళాశాలలోనే పనిచేస్తున్న ఒడియా సహోద్యోగిని రెండో మూల్యాంకకురాలిగా ఉంటానన్నారు. ఈ ఆదివారం కొలబద్ద రికార్డింగులు ఎంచుకుని, మిగిలినవాటిని వరుస మార్చి మళ్లీ మొదటి నుంచి వింటాము. 17వ నంబరుకు మాత్రం నా మనసులో ఇప్పటికే ఒక నిర్ణయం ఉన్నది. వివరించడానికి 4, పైకి చదవడానికి 3 వేసి, ‘లైట్’, ‘నైట్’ జంటను ఆమె చేత సాధన చేయించమని శిక్షకులకు పక్కన ఒక వాక్యం రాస్తాను. మా సహోద్యోగిని విని వేరేగా అంటే, ఇద్దరం కలిసి కూర్చుని మరొకసారి వింటాము.